మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో వృద్ధుల దీర్ఘకాల సంరక్షణ: ఎన్ని మంచాలు కావాలో కంప్యూటరు చెప్పగలదా?

మన సంఘములలో వృద్ధుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాట చివరకు ఒకచోటికే చేరుతుంది: ఒక వృద్ధాశ్రమం కట్టుదాం. స్థలం ఇచ్చే విశ్వాసి ఒకరు దొరుకుతారు, విదేశాల్లో ఉన్న బంధువులు కొంత పంపుతామంటారు, శంకుస్థాపన ప్రార్థన జరుగుతుంది. ఎన్ని మంచాలు అన్న ప్రశ్నకు మాత్రం జవాబు హాలు కొలతను బట్టి వస్తుంది. ఇరవై పడితే ఇరవై. ఐదేళ్ల తరువాత ఆయా జీతం, వంటమనిషి జీతం ఎవరు ఇస్తారు? ఇరవై ఒకటవ ముసలమ్మను ఆటోలో తెచ్చి గేటు దగ్గర దించితే ఏమి చెప్పాలి? అసలు ఆ ఊరికి కావలసింది మంచాలేనా? ఈ ప్రశ్నలు కట్టడం పూర్తయ్యాక గానీ మన బల్ల మీదికి రావు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకోవాలన్న ప్రభువు మాట (లూకా 14:28-30) మీద మనమందరం ప్రసంగాలు చేసినవారమే.

ఆ లెక్క చూసుకోవడానికి ఇప్పుడు కొన్ని దేశాలలో కంప్యూటరు సిమ్యులేషన్ అనే పద్ధతిని వాడుతున్నారు. దాని పని తీరు ఏమిటి, మేడ్చల్, శామీర్‌పేట వంటి చోట సేవ చేసే కాపరికి అది ఎంతవరకు ఉపయోగం, ఎక్కడ దాన్ని నమ్మకూడదు అన్నవి ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. లెక్కలు ఉంటాయి. అయితే కూడిక, నూటికి ఇంత అన్న లెక్క వచ్చినవారికి అర్థం కానివేవీ ఇందులో లేవు.

మారిన ప్రాంతము, మారిన ముసలితనము

శామీర్‌పేట ఒకప్పుడు చెరువుకు, ద్రాక్ష తోటలకు పేరు. 1999 నుండి జీనోమ్ వ్యాలీ పేరున మందుల, టీకాల పరిశోధన సంస్థలు వచ్చాయి. 2008లో బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం మొదలైంది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, ఔటర్ రింగు రోడ్డు కూడా ఈ వైపే. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుండి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా విడిపోయింది. 2022లో కలెక్టరేటు కూడా శామీర్‌పేట మండలంలోని అంతాయిపల్లికి చేరింది.

ఈ మార్పుల వల్ల ఒకే ఆదివారం ఆరాధనలో మన ముందు కూర్చునే వృద్ధులు ఒకే రకమువారు కారు. పొలం అమ్ముకొని, వచ్చిన డబ్బు కొడుకుల మధ్య పంచి, తమకంటూ ఏమీ మిగుల్చుకోని ఊరివారు కొందరు. ఉద్యోగం కోసం ఇటు వచ్చిన పిల్లల వెంట ఇతర జిల్లాల నుండి వచ్చి, అపార్ట్‌మెంటు మూడవ అంతస్తులో ఎవరితోనూ మాట లేక ఉన్నవారు కొందరు. కోళ్ల ఫారాలలోను, ఫ్యాక్టరీలలోను ఒళ్లు హూనం చేసుకొని అరవై రాకముందే నడుము వంగినవారు మరికొందరు. మొదటివారికి ఆస్తి తగాదా, రెండవవారికి ఒంటరితనం, మూడవవారికి మందుల ఖర్చు. వీరి అవసరాలు ఒకటి కావు కనుక ఒకే రకమైన భవనం అందరికీ జవాబు కాజాలదు.

ఒక విషయంలో మేడ్చల్ అదృష్టం చేసుకున్నది. ఘన్‌పూర్‌లోని మెడిసిటీ వైద్య విద్యాసంస్థతో కలిసి పనిచేసే షేర్ ఇండియా అనే సంస్థ చాలా ఏళ్లుగా మేడ్చల్ మండల గ్రామాలలో ఇంటింటి ఆరోగ్య వివరాలు సేకరిస్తూ వచ్చింది. 'రీచ్' అనే వారి కార్యక్రమంలో ప్రతి ఇంటినీ పటం మీద గుర్తించి, జననమరణాలను నమోదు చేశారు. 2012లో 'మైల్స్' అనే పేరుతో ఈ ప్రాంతంలోనే అరవై దాటిన ఐదు వందలకు పైగా మందిని పరీక్షించారు. ఎంత వేగంగా నడవగలరు, చేతి పట్టు ఎంత బలంగా ఉంది, తమ పనులు తాము చేసుకోగలరా అన్నవి అందులో ముఖ్యాంశాలు. వృద్ధుల స్వతంత్ర జీవనం గురించి ఇంత దగ్గరగా చూచిన పల్లె ప్రాంతాలు మన దేశంలో ఎక్కువ లేవు. సిమ్యులేషన్‌కు కావలసిన ముడిసరుకు ఇటువంటిదే. కానీ ఆ నమోదుల వల్ల ఇప్పుడు ఎంతమంది ఎలా ఉన్నారో తెలుస్తుంది గాని పదేళ్ల తరువాత ఎంతమందికి రోజూ ఒక మనిషి తోడు కావాలో వాటంతట అవి చెప్పవు.

సిమ్యులేషన్ అనగా నేమి?

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా చనిపోయారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చినప్పుడు కొన్ని రోజుల ముందే అది ఎక్కడ తీరం దాటుతుందో చెప్పగలిగారు, జనాన్ని ఖాళీ చేయించగలిగారు. నడుమ జరిగిన మార్పులలో ఒకటి, గాలి, సముద్రం నడిచే తీరును కంప్యూటరులో నడిపి చూడటం నేర్చుకోవడం. నిజమైన తుఫాను రాకముందే కంప్యూటరులో ఒక ఉత్తుత్తి తుఫానును నడుపుతారు. సిమ్యులేషన్ అంటే అదే. వృద్ధుల విషయంలో గాలికి బదులు మనుషులు, సముద్రానికి బదులు సంవత్సరాలు.

దీని మూలం ఒక పేకాటలో ఉందంటే కొందరికి నచ్చకపోవచ్చు. 1946లో స్టానిస్లా ఊలం అనే గణిత శాస్త్రజ్ఞుడు జబ్బుపడి కోలుకుంటూ ఒంటరిగా పేకముక్కలు ఆడుకుంటూ, ఆట గెలిచే అవకాశం ఎంతో లెక్కకట్టబోయాడు. లెక్క మరీ చిక్కుగా ఉండటంతో, వందసార్లు ఆడి ఎన్నిసార్లు గెలిచామో చూస్తే చాలు కదా అని తోచింది. దానినే మాంటీ కార్లో పద్ధతి అంటారు. చిక్కైన సూత్రం బదులు చీట్లు వేసి చూడటం. చీట్లు వేయడం మన గ్రంథమునకు కొత్త కాదు గాని, ఇక్కడ చీటి దేవుని చిత్తమును అడుగుటకు కాదు, ఏది ఎంత తరచుగా జరుగుతుందో చూచుటకు మాత్రమే.

చేతితో వేసుకోగల లెక్క

కొన్ని గ్రామాలు కలిసిన ఒక పాస్టరేటులో అరవై దాటినవారు 200 మంది ఉన్నారనుకుందాం. ఇవి నమూనా కోసం నేను తీసుకున్న అంకెలు, ఏ సంఘమువీ కావు. వారిలో 150 మంది తమ పనులు తాము చేసుకుంటారు. 40 మందికి రోజూ కొంత సాయం కావాలి: స్నానానికి, వంటకు, మందులు వేయడానికి. 10 మంది మంచాన ఉన్నారు.

ఒక సంవత్సరంలో ఏమి జరుగుతుంది? మొదటి గుంపులో నూటికి 8 మంది రెండవ గుంపులోకి, 2 మంది నేరుగా మంచానికి వస్తారని, నలుగురు మరణిస్తారని అనుకుందాం. అనగా 150లో 12, 3, 6. మిగిలినవారు 129. రెండవ గుంపులో నూటికి 10 మంది కోలుకుంటారు, 15 మంది మంచాన పడతారు, 10 మంది చనిపోతారు. 40లో 4, 6, 4. మిగిలినవారు 26. మంచాన ఉన్న పదిమందిలో ఒకరు లేచి తిరుగుతారు, ముగ్గురు ప్రభువునందు నిద్రిస్తారు, ఆరుగురు అలాగే ఉంటారు. ఆ యేడు 12 మందికి కొత్తగా అరవై నిండుతుంది.

ఇప్పుడు కూడండి. మొదటి గుంపు 129, 4, 12 కలిపి 145. రెండవది 26, 12, 1 కలిపి 39. మంచాన ఉన్నవారు 6, 6, 3 కలిపి 15. మొత్తం 199. సంఘ రిజిస్టరులో వృద్ధుల సంఖ్య దాదాపు మారలేదు. కాపరి కంటికి ఆదివారం నాడు తేడా కనబడదు. కానీ మంచాన ఉన్నవారు 10 నుండి 15కు పెరిగారు. అంతేకాదు, ఆ యేడు మొత్తం మీద ఏదో ఒకప్పుడు మంచాన ఉన్న గడపలు 19: పాతవి 10, కొత్తవి 9. ఇదే లెక్కను మరల మరల వేస్తే రెండవ ఏట 18, మూడవ ఏట 19 వస్తాయి, తరువాత పెరుగుదల నెమ్మదిస్తుంది. 'ఇప్పుడు పదిమంది ఉన్నారు కనుక పది మంచాలు' అన్న ప్రణాళిక ఏడాదిలోనే చిన్నదైపోతుంది.

ఇంతవరకు చేసినది సగటు లెక్క. జీవితం సగటున నడవదు. ఒక యేడు వానాకాలంలో నలుగురు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటారు, మరో యేడు ఒక్కరూ పడరు. అందుకే ప్రతి మనిషికి ఒక చీటి తీయాలి. రెండవ గుంపులోని ఒక పెద్దాయన కోసం వంద చీట్లున్న కుండలో చేయి పెడితే, అందులో 15 చీట్ల మీద 'మంచం' అని రాసి ఉంటుంది. 200 మందికి తీయాలి, పదేళ్లకు తీయాలి, అదంతా వెయ్యిసార్లు చేయాలి. మనిషికి విసుగు వస్తుంది గాని కంప్యూటరుకు రాదు. అలా చేస్తే మొదటి యేడు చివర మంచాన ఉన్నవారు సగటున 15 మందే అయినా, నూటికి 95 సార్లు ఆ అంకె 9కి, 21కి మధ్య ఎక్కడైనా ఉండవచ్చునని తేలుతుంది. తొమ్మిది మందికి సిద్ధపడిన సంఘము మీద ఇరవై ఒక్కమంది వస్తే పరిచర్య చేసేవారు కూలిపోతారు. ఇరవై ఒకటికి సిద్ధపడితే కొన్నేళ్లు సగం గదులు ఖాళీగా ఉండి కానుకలు కరిగిపోతాయి.

ఇక్కడే ఈ పద్ధతి మనకు నేర్పే ముఖ్య విషయం ఒకటి ఉంది. అటువంటి పాస్టరేట్లు పది కలిసి లెక్క వేసుకుంటే సగటు 150 అవుతుంది, కానీ హెచ్చుతగ్గులు మాత్రం 130కి, 170కి మధ్య ఆగిపోతాయి. ఒంటరి సంఘానికి తేడా సగటు మీద నూటికి 43 వంతున ఉంటే, పది కలిసినప్పుడు 14 వంతుకు దిగుతుంది. ఒకచోట ఎక్కువైన యేడు మరొకచోట తక్కువ ఉంటుంది కనుక భారం సర్దుకుంటుంది. మేడ్చల్ రోడ్డు వెంట ప్రతి సంఘం తన సొంత బోర్డుతో తన సొంత ఆశ్రమం కట్టుకోవడం ఆర్థికంగా ఎంత బలహీనమైన ఆలోచనో దీనివల్ల తెలుస్తుంది. డినామినేషన్లు కలవకపోవడానికి మనం చెప్పుకునే కారణాలు వేరే. వాటికి వెల మాత్రం మంచాన ఉన్నవారు చెల్లిస్తారు.

పది మంచాలు ఎన్ని ఖాళీలు?

మరొక చిన్న లెక్క. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికను ఆచార్యుడు ఒక నియమాన్ని నిరూపించాడు: లోపల ఉండేవారి సంఖ్య అంటే, ఏటా వచ్చేవారి సంఖ్యను ఒక్కొక్కరు ఉండే కాలంతో గుణించినది. పది మంచాల ఆశ్రమంలో ఒక్కొక్కరు సగటున రెండేళ్లు ఉంటారనుకుంటే ఏటా ఖాళీ అయ్యేవి ఐదే. మన నమూనా పాస్టరేటులో ఏటా కొత్తగా మంచాన పడేవారు తొమ్మిది మంది. మిగిలిన నలుగురు ఏటా బయటే. ప్రారంభోత్సవం జరిగిన యేడు అందరినీ చేర్చుకుంటాం కనుక ఈ సంగతి తెలియదు. మూడవ ఏడు గేటు మీద 'ఖాళీలు లేవు' అని రాస్తాం. పైగా మనం ఎంత చక్కగా చూచుకుంటే వారు అంత ఎక్కువ కాలం జీవిస్తారు, ఖాళీలు ఇంకా తగ్గుతాయి. మూడేళ్లు ఉంటే ఏటా మూడో నాలుగో. దానిని వైఫల్యమనలేము గాని ప్రణాళికలో దానికి చోటు ఉండాలి.

అయితే మంచం దాకా రాకుండా కొందరిని ఆపగలిగితే? సిమ్యులేషన్ బలం ఈ 'అయితే' దగ్గరే ఉంది. రెండవ గుంపు నుండి మంచానికి వెళ్లేవారు నూటికి 15 బదులు 10 అయితే ఏమవుతుందో నడిపి చూడవచ్చు. రక్తపోటు మందులు మానకుండా చూడటం, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ బిగించడం, కళ్ల పరీక్ష, ఇవే ఆ మార్పుకు దారులు. పై అంకెలతోనే వేస్తే మూడవ ఏట మంచాన ఉన్నవారు 19 బదులు 16. కానీ రోజూ సాయం కావలసినవారు 38 బదులు 42 అవుతారు. భారం తొలగదు, చోటు మారుతుంది: ఆశ్రమం మంచం నుండి ఇంటికి వెళ్లి పలకరించే మనుషుల మీదికి. కేరళలో 2000 తరువాత మలప్పురం వంటి చోట్ల పాలియేటివ్ సేవ ఊరి స్వచ్ఛంద సేవకుల చేతుల మీదుగా ఇళ్లలోనే పెరగడానికి ఈ గ్రహింపే ఆధారం. నా అభిప్రాయంలో మన ప్రాంతపు సంఘములు కట్టడం కంటే ముందు ఈ మనుషులను సిద్ధపరచాలి. అయినా ఎవరూ లేని పదహారు మందికి మంచం కావాలి, అది కాదనలేము.

కళ్ల పరీక్ష అని ఊరికే అనలేదు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థవారు హైదరాబాదులోని 41 వృద్ధాశ్రమాలలో 1,182 మందిని పరీక్షించినప్పుడు సుమారు 30 శాతం మందికి చూపు లోపం ఉన్నట్లు తేలింది. దానిలో పెద్ద భాగం శుక్లాలు, కళ్లజోడు లేకపోవడం, అంటే సరిచేయగలవే. ఆశ్రమంలో మంచం దొరికినా కళ్లజోడు దొరకలేదన్నమాట.

ఇంగ్లండులో చేసిన పని

పెద్ద ఎత్తున ఇటువంటి పని ఇంగ్లండులో జరిగింది. న్యూకాసిల్ విశ్వవిద్యాలయపు ఆండ్రూ కింగ్‌స్టన్, క్యారల్ జాగర్ బృందం 'పాక్‌సిమ్' అనే నమూనాను తయారుచేసింది. 35 ఏళ్లు దాటిన దాదాపు మూడు లక్షల మంది వివరాలు, అనగా వారి వయస్సు, చదువు, పొగత్రాగుడు, జబ్బులు తీసుకొని ఒక్కొక్కరి జీవితాన్ని కంప్యూటరులో ముందుకు నడిపారు. 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో ప్రచురించిన ఫలితాల ప్రకారం, 85 దాటి 24 గంటలూ తోడు కావలసినవారు 2015 నుండి 2035 నాటికి దాదాపు రెట్టింపై 4,46,000కు చేరతారు.

వారు వృద్ధులను జబ్బు పేరుతో వర్గీకరించలేదన్నది మనకు ఎక్కువ ఉపయోగపడే సంగతి. బెర్నార్డ్ ఐజక్స్ అనే వృద్ధుల వైద్యుడు 1976లో ప్రతిపాదించిన కొలతను వాడారు: ఈ మనిషిని ఎంతసేపు ఒంటరిగా వదిలిపెట్టవచ్చు? రోజంతా వదలవచ్చునా, పూట పూటకు ఒకరు రావాలా, ఏ క్షణమూ వదలకూడదా? 'పక్షవాతం' అన్న ఒక్క మాట కోడలు పనికి వెళ్లగలదా లేదా అన్నది చెప్పదు. ఈ ప్రశ్న చెబుతుంది. నిజానికి మన లెక్కలలో ఎప్పుడూ రానిది ఈ కోడలే, కూతురే. ఆమె జీతం మానుకొని చేసే సేవకు ఎవరూ అంకె వేయరు. 'ఇంట్లో చూసుకుంటున్నారు' అన్న గడిలో రాసి ఊరుకుంటాం.

నమ్మకము ఎంతవరకు?

కోవిడ్ కాలంలో మనకు దీనిపై ఒక పాఠం దొరికింది. ఐఐటి హైదరాబాదు ఆచార్యులు ఎం. విద్యాసాగర్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ కమిటీ 2020 అక్టోబరులో, ఉధృతి దాటిపోయిందని, జాగ్రత్తలు పాటిస్తే 2021 ఫిబ్రవరి నాటికి వ్యాధి బాగా తగ్గుతుందని చెప్పింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఏమి జరిగిందో సమాధుల తోటలకు వెళ్లివచ్చిన కాపరులకు చెప్పనక్కరలేదు. వైరస్ మారింది. నమూనా తనకు ఇచ్చిన సంగతులనే నడపగలదు గాని ఇవ్వనిదానిని ఊహించలేదు.

అందుచేత ఇది జోస్యము కాదు. యోసేపునకు ఏడు సంవత్సరముల సంగతి బయలుపరచబడినది (ఆదికాండము 41); మనకు బయలుపరచబడలేదు. 'రేపు ఇలా జరుగును' అని సిమ్యులేషన్ చెప్పదు, 'ఇవి ఇలాగే ఉంటే ఇంతవరకు రావచ్చు' అంటుంది. యాకోబు 4:13-15లో ఉన్న హెచ్చరికకు ఇది విరుద్ధమని నేననుకోను. జనమును లెక్కించుట దావీదుకు పాపమైనది కదా అని అడిగేవారికి, సంఖ్యాకాండము మొదటి అధ్యాయములో లెక్కించుమని ఆజ్ఞాపించినది దేవుడేనని గుర్తుచేయాలి. ఎందుకు లెక్కిస్తున్నామన్నదే ప్రశ్న. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రు అనుదిన పరిచర్యలో విడువబడ్డారు. వారిని ఎవరూ కావాలని తోసివేయలేదు, పంపిణీలో వారు కనబడలేదు. 1 తిమోతి 5లో అరవై ఏండ్ల హద్దు, పిల్లలున్నవారి భారము ముందు పిల్లలదేనన్న నియమము, లేనివారికి సంఘమన్న ఏర్పాటు, ఇవన్నీ ఒక జాబితా ఉన్నదని సూచిస్తాయి.

ఏ అంకెలు సేకరించాలి?

దేశం మొత్తానికి కొన్ని అంకెలు ఉన్నాయి. 2017-18లో లాసి అనే సర్వే 45 దాటిన 72 వేలకు పైగా మందిని కలిసింది. అరవై దాటినవారిలో నలుగురికి ఒకరు నిత్యకృత్యాలలో కనీసం ఒకదానికి ఇబ్బంది పడుతున్నారని అందులో తేలింది. దానికి అనుబంధంగా జరిగిన అధ్యయనం అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి మతిమరుపు వ్యాధి ఉన్నదని అంచనా వేసింది. కానీ దేశపు సగటును తుర్కపల్లికి తగిలించలేము. 2021లో జరగవలసిన జనగణన కూడా వాయిదా పడినందున ఇంత వేగంగా పెరిగిన ప్రాంతానికి 2011 అంకెలు పాత చొక్కా వంటివి.

కాపరి చేయగలిగినది చిన్నదే. సిడ్నీ కాట్జ్ 1963లో ఇచ్చిన ఆరు ప్రశ్నలు ఇప్పటికీ సరిపోతాయి: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం నుండి లేవడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. ఒక్కొక్కదానికి తానే చేయగలడా, సాయం కావాలా. వీటికి మూడు కలపండి: ఎంతసేపు ఒంటరిగా వదలవచ్చు, ఇంట్లో చూచుకునేది ఎవరు, పింఛను చేతికి అందుతున్నదా. గృహదర్శనానికి వెళ్లినప్పుడు ఐదు నిమిషాల పని. అదే మనుషులను మరుసటి ఏడు అదే నెలలో మరల అడగాలి. ఒక్కసారి అడిగితే అది జాబితా మాత్రమే. రెండవసారి అడిగినప్పుడే ఎంతమంది ఏ గుంపు నుండి ఏ గుంపుకు మారారో తెలుస్తుంది, పైన నేను ఊహించి వేసిన 8, 15, 10 స్థానంలో మన ఊరి అంకెలు వస్తాయి. మూడేళ్ల నమోదు ఉంటే, ఎక్సెల్ తెలిసిన యూత్ సభ్యుడు ఒక రోజులో ఈ చీట్ల ఆట తయారుచేయగలడు.

'పిల్లలు చూడటం లేదు' అన్న జవాబు వచ్చినప్పుడు దానిని అంకెగా మాత్రమే రాసుకొని రాకూడదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 ప్రకారం ట్రిబ్యునల్ నెలకు పది వేల రూపాయల వరకు భృతి ఇప్పించగలదు. చూసుకుంటామన్న షరతుతో రాయించుకున్న ఆస్తిని, చూడనప్పుడు 23వ సెక్షను కింద రద్దు చేయవచ్చు. ఆ షరతు పత్రంలో రాసి ఉంటేనే పని సులువవుతుంది. భూమి ధర ఇంతగా పెరిగిన మండలాలలో రిజిస్ట్రేషనుకు ముందే కాపరి ఈ సంగతి చెప్పాలి.

ఈ పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్నది చివరి సంగతి. అందులో ఎవరు మంచం తడుపుతున్నారో, ఏ కోడలు అన్నం పెట్టడం లేదో ఉంటుంది. కమిటీ సమావేశంలో చదవదగినది కాదు. పేర్లు ఒక పుస్తకంలో, నంబరుతో వివరాలు మరో పుస్తకంలో ఉంచి, కంప్యూటరులోకి నంబరు మాత్రమే ఎక్కించాలి. అడిగేముందు ఆ పెద్దవారి అనుమతి తీసుకోవాలి. కొడుకు ఒప్పుకుంటే చాలదు. ఎవరైనా చనిపోతే పేరు కొట్టివేయకుండా తేదీ వేయాలి. కొట్టివేసిన పేరు మరుసటి ఏటి లెక్కకు పనికిరాదు.